ఏడీహెచ్‌డీ మందు మొదలుపెడితే ఇక ఆపలేమా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక తల్లి వచ్చి నా టేబుల్ మీద మాత్రల స్ట్రిప్ ఒకటి పెట్టారు. పదికి పది మాత్రలూ అందులోనే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే గడువు తేదీ దాటి నాలుగు నెలలయింది. రబ్బరు బ్యాండుతో దానికి చుట్టి ఉన్న చీటీ నేను రాసిందే, బాబుకున్న ఏడీహెచ్‌డీకి. అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్యకు. అప్పుడు బాబు మూడో తరగతి. ఇప్పుడు ఐదు అయిపోవస్తోంది.

"బీరువాలో చీరల కింద పెట్టాను మేడమ్. ఇవాళ వేద్దాం అనుకోవడం, తీసి చూడటం, మళ్లీ అక్కడే పెట్టేయడం. ఒకసారి మొదలుపెడితే ఇక ఆపడానికి ఉండదట కదా!"

ఎవరన్నారమ్మా అని అడిగితే ముగ్గురు తేలారు. మందుల షాపు కుర్రాడు, ట్యూషన్ టీచరు, డాలస్‌లో ఉంటున్న తోడికోడలు. వాళ్లెవరూ ఈ మందు వాడిన పిల్లాణ్ని దగ్గరుండి చూసినవాళ్లు కారు. ఆ మాటతోనే రెండేళ్లు పోయాయి.

పిల్లల సైకియాట్రిస్టుగా పదిహేనేళ్ల నుంచీ ఇదే మాట వింటున్నాను. విజయవాడ సూర్యారావుపేటలో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లదీ ఇదే భయం, నెలకు రెండుసార్లు గుంటూరు కొత్తపేటలో నేను చూసేవాళ్లదీ ఇదే భయం. అందుకే ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: మొదలుపెడితే జీవితాంతం వాడాలి, మధ్యలో ఆపలేం

మన దగ్గర ఏడీహెచ్‌డీకి ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. మామూలు మాత్ర అయితే వేసిన అరగంట, ముప్పావుగంటకు పని మొదలుపెడుతుంది. మూడు నాలుగు గంటల్లో దాని పని అయిపోతుంది. రోజంతా పనిచేస్తుందని చెప్పే రకమైనా ఎనిమిది నుంచి పన్నెండు గంటలే. పొద్దున్న ఇడ్లీ తిని వేసుకున్న మాత్ర రాత్రి పక్క ఎక్కే వేళకు పనిచేస్తూ ఉండదు. రేపు వేయకపోతే రేపు దాని ప్రభావం లేనట్టే. ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానేస్తే వచ్చే ప్రమాదం లాంటిది దీనితో లేదు. ఆపే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి, అంతే. ఇదే సమస్యకు కొందరికి ఇచ్చే క్లోనిడిన్‌ను మాత్రం ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

తల్లిదండ్రులు దీన్ని ఆపరేషన్‌కి సంతకం పెడుతున్నట్టు చూస్తారు. ఒక్కసారి పెట్టామా, ఇక వెనక్కి లేదు అన్నట్టు. నేను అడిగేది నాలుగు వారాలు. ముందు బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తాను. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి హఠాత్తుగా పోయారా, పిల్లాడు ఆడుతూ ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా అని అడుగుతాను. అనుమానం ఉంటే ఈసీజీ తీయిస్తాను. తర్వాత మామూలుగా 5 మి.గ్రా.తో, ఆదివారం పూట మొదలుపెట్టమంటాను. ఆ రోజు అమ్మానాన్నలిద్దరూ ఇంట్లో ఉంటారు, కళ్లారా చూసుకుంటారు. సోమవారం నుంచి స్కూలు. క్లాస్ టీచరుకు ఒక కాగితం ఇస్తాం, వారం వారం నింపి పంపాలి. అవసరాన్ని బట్టి వారానికోసారి డోసు కాస్త పెంచుతాం. పదిమందిలో సుమారు ఏడుగురికి తేడా కనిపిస్తుంది. కనిపించకపోతే, లేదా ఇబ్బందే ఎక్కువగా ఉంటే ఆపేస్తాం.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఆయన ఒకరు కూతుర్ని తీసుకొచ్చారు. మూడు వారాలు వాడాం. ఆ పాపకు సాయంత్రమయ్యేసరికి విపరీతమైన చిరాకు, ఏడుపు. డోసు మార్చాం, రకం మార్చాం. కుదరలేదు, ఆపేశాం. ఆపిన మర్నాటికి పాప మళ్లీ ఎప్పటిలాగే ఉంది. అటమాక్సెటిన్ అని ఇంకో మందు ఉంది, దాని ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అదీ వద్దనుకున్నారు. ముందు బెంచీ, చిన్న చిన్న ముక్కలుగా హోంవర్కు, పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పే పేరెంట్ ట్రైనింగ్, వీటితోనే నెట్టుకొస్తున్నారు. అదీ సరైన నిర్ణయమే. వాడి చూసి, తెలుసుకుని వద్దనుకున్నారు.

ఎన్నేళ్లు వాడాలి అంటే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఏడాదికోసారి, పరీక్షలు లేని రోజులు చూసుకుని, కొన్నాళ్లు ఆపి చూస్తాను. కొందరికి టెన్త్ దాటేసరికి అవసరం తగ్గుతుంది. కొందరికి పెద్దయ్యాక కూడా కావాల్సి వస్తుంది, అది నేను దాచను. ఉత్తర అమెరికాలో 579 మంది పిల్లలతో చేసిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం 1999లో వచ్చింది. పద్నాలుగు నెలల పాటు జాగ్రత్తగా డోసు చూసుకుంటూ మందు ఇచ్చిన పిల్లల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు, మందు లేకుండా ప్రవర్తనను దారిలో పెట్టే బిహేవియర్ థెరపీ మాత్రమే ఇచ్చినవాళ్లలో కంటే బాగా తగ్గాయి. రెండూ కలిపి ఇచ్చినవాళ్లకు తక్కువ డోసే సరిపోయింది. కానీ మూడేళ్ల దగ్గర మళ్లీ చూస్తే గ్రూపుల మధ్య ఆ తేడా మిగల్లేదు. అందుకే చీటీ రాసిచ్చి ఏళ్లకు ఏళ్లు అలా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. ఇంకా అవసరమా అని ప్రతి ఏడూ చూడాల్సిందే.

ఇక ఆలస్యానికి అయ్యే ఖర్చు. ఆ తల్లి బాబు లెక్కల నోటు బుక్కు కూడా తెచ్చారు. ఒక పేజీలో ఎనిమిది గుణకారాలు. మొదటి మూడూ కరెక్టు, చేతిరాత కూడా గుండ్రంగా ఉంది. నాలుగోది సగంలో ఆగింది. ఐదో లెక్క ఉండాల్సిన చోట ఒక క్రికెట్ బ్యాటు బొమ్మ. కింద ఎర్ర సిరాతో "కేర్‌లెస్". ఇలాంటి పేజీలు నోటు బుక్కు నిండా ఉన్నాయి. లెక్క రాని పిల్లాడు మొదటి మూడూ చేయలేడు కదా! బాబును పక్కన కూర్చోబెట్టుకుని ఇదేంట్రా కన్నా అని అడిగితే, "నేను మొద్దుని ఆంటీ" అన్నాడు. ఏడుస్తూ కాదు, తన పేరు చెప్పినంత మామూలుగా. మూడో తరగతిలో వచ్చినప్పుడు ఈ మాట వాడి నోట లేదు. మందుతో కలిగే ఇబ్బందులన్నీ జాగ్రత్తగా లెక్కేసుకునే ఇంట్లో ఈ మాట మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

మా తమ్ముడు గుర్తొస్తాడు నాకు. తెనాలిలో మా చిన్నప్పుడు ఏడీహెచ్‌డీ అన్న పేరు ఎవరికీ తెలియదు. వాడికి బెత్తం దెబ్బలు, గోడకుర్చీ, "అక్కను చూసి నేర్చుకో" అనే మాటలు. ఇంటర్ రెండో ఏడు మధ్యలో మానేశాడు. ఇప్పుడు సొంత వ్యాపారంలో బాగానే ఉన్నాడు. అయినా ఫారం ఏదైనా నింపాలంటే ఈ రోజుకీ నాకే ఇస్తాడు. తప్పు రాస్తానేమో అక్కా అంటాడు.

అపోహ: అది డ్రగ్స్ లిస్టులో ఉంది, షాపువాళ్లే ఇవ్వడానికి భయపడతారు

ఈ భయం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి నిబంధనలతో అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్లు దాచాలి. అన్ని షాపుల్లో దొరకదు. దొరికిన చోట కుర్రాడు చీటీని అటూ ఇటూ తిప్పి, లోపలికెళ్లి ఓనర్‌ని అడిగి, "ఎవరికండీ ఇది, పిల్లలకా?" అంటాడు. తల్లి గుండె అక్కడే జారిపోతుంది. ఆ నిబంధన ఎందుకంటే, అవసరం లేనివాళ్లు పెద్ద డోసుల్లో దుర్వినియోగం చేయకుండా. డాక్టరు పర్యవేక్షణలో, పిల్లాడికి సరిపడే డోసులో నోటితో వేసుకుంటే మత్తు రాదు. ఇలా వాడిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనాల్లో, మందు వల్ల తర్వాత వ్యసనాలు పెరిగినట్టు తేలలేదు. వైద్యం అందని ఏడీహెచ్‌డీలోనే సిగరెట్లు, తాగుడు, బండి ప్రమాదాలు ఎక్కువ. ఎవరైనా కుర్రాడు అలా అడిగితే "డాక్టరు రాశారు" అని చెప్పి మందు తీసుకుని వచ్చేయండి. సందేహం ఉంటే నన్ను అడగండి, అతన్ని కాదు.

అపోహ: పిల్లాడు బొమ్మలా అయిపోతాడు

డోసు ఎక్కువైతే అవుతాడు. నా చేతుల మీదే జరిగింది. కృష్ణలంక నుంచి వచ్చే ఒక బాబుకు టీచరు రిపోర్టు అద్భుతంగా ఉందని నేను సంతోషపడుతుంటే, వాళ్ల నాయనమ్మ అంది: "డాక్టరమ్మా, వీడు మా వాడిలా లేడు. పాటలు పాడటం మానేశాడు." క్లాసులో కదలకుండా కూర్చున్నాడని టీచరు మార్కులేశారు, నేనూ అదే చూసుకున్నాను. తప్పు నాది. డోసు తగ్గించాను. పది రోజులకు పాటలు మళ్లీ మొదలయ్యాయి. అప్పటినుంచి ఇంట్లో పెద్దవాళ్లను విడిగా ఒక ప్రశ్న అడుగుతాను: మీ వాడు మీ వాడిలాగే ఉన్నాడా మామ్మగారూ?

ఆకలి తగ్గడం మాత్రం నిజం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇబ్బంది అదే. మధ్యాహ్నం క్యారేజీ సగం తిరిగొస్తుంది. మాత్రకు ముందే కడుపునిండా టిఫిన్ పెట్టండి, గుడ్డు, పెసరట్టు లాంటివి. సాయంత్రం ఐదు, ఆరుకు మందు దిగేసరికి ఆకలేస్తుంది, అప్పుడు మంచి భోజనమే పెట్టండి, బిస్కెట్లు కాదు. రాత్రి పెరుగన్నం. ఆలస్యంగా వేస్తే నిద్ర పట్టదు కాబట్టి సాయంత్రం డోసు వద్దు. ఏళ్ల తరబడి విరామం లేకుండా వాడిన పిల్లల్లో ఎత్తు సుమారు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గే అవకాశం ఉంది. అందుకే వచ్చిన ప్రతిసారీ ఎత్తు, బరువు రాసుకుంటాం.

మిగతావి

కొత్త మందు, మన పిల్లల మీద ప్రయోగం: కాదు. 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది, 1950ల నుంచి వాడుకలో ఉంది.

పెంపకం సరిగ్గా లేక వస్తుంది: కాదు. తల్లిని నిందించడం ఇకనైనా ఆపండి.

మందు వేస్తే మార్కులు వచ్చేస్తాయి: కూర్చోగలుగుతాడు, వినగలుగుతాడు. అక్షరాలే తారుమారయ్యే లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంటే దానికి వేరే శిక్షణ కావాలి, ఈ మాత్ర దాన్ని బాగుచేయదు.

ఏడీహెచ్‌డీ లేకపోయినా ఈఏపీసెట్‌కీ, జేఈఈకీ పనికొస్తుందట, రాయండి: రాయను. ప్రతి జనవరిలో ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. పద్దెనిమిది గంటలు చదివించే కాలేజీలో నిద్రలేక కునుకుతున్న పిల్లాడికి కావలసింది నిద్ర.

ఇంకో సంగతి. నేను మందు వద్దనే పిల్లలూ చాలామందే. ఆరేళ్లలోపు వాళ్లకు ముందు తల్లిదండ్రుల శిక్షణే. ఇంట్లో మాత్రమే అల్లరి, స్కూల్లో ఏమీ లేదంటే కారణం ఇంకేదో వెతకాలి. వినికిడి, రక్తహీనత, నిద్ర, క్షణం పాటు చూపు నిలిచిపోయే రకం ఫిట్స్, క్లాసులో వేధింపులు, ఇవన్నీ చూడకుండా, టీచరుతో మాట్లాడకుండా పది నిమిషాల్లో ఎవరైనా ఏడీహెచ్‌డీ అని చీటీ రాసిస్తే, దయచేసి ఇంకొకరికి చూపించండి. ఫీజు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ఆ తల్లి గడువు దాటిన స్ట్రిప్‌ను నా దగ్గరే వదిలేసి, కొత్త చీటీ రెండు కాపీలు తీసుకెళ్లారు. ఆదివారం పొద్దున్న వేశారు. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశారు: మధ్యాహ్నం అన్నం ముట్టలేదట, సాయంత్రం మూడు చపాతీలు తిన్నాడట, గుణకారాలు ఆరు చేసి ఏడోది దగ్గర లేచాడట. శుక్రవారం టీచరు కాగితం వస్తుంది, అది చూశాక డోసు సంగతి మాట్లాడుకుందాం అన్నాను.