దవాఖాన పేరు చెప్పి చెంచు పెంటలు ఖాళీ చేయించడం: కథ 1983 నుంచి చూడాలి

అమ్రాబాద్ పులుల అడవిలో సార్లపల్లి, కుడిచింతలబైలు తరలింపు మాట మళ్లీ లేచింది. అక్కడి పెంటల్లో, అంటే అడవిలోని చిన్న ఊళ్లలో, ఉండే చెంచు గిరిజనులకు అధికారులు చెప్పే వాదన పాతదే, మైదానానికి వస్తే దవాఖాన, బడి దగ్గరవుతాయని. నిజాం జమానా, చెంచుల మీద పుస్తకం రాసిన పరిశోధకుడు హైమన్‌డార్ఫ్ సంగతులు అందరికీ తెలిసినవే, వాటిలోకి పోను. నా లెక్కలో అసలు మలుపు 1983.

ఆ ఏడాది, అమ్రాబాద్ అడవి అప్పట్లో భాగంగా ఉన్న నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, పులుల్ని కాపాడే కేంద్ర పథకం ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే నేరమైంది, ఆ తర్వాత గడ్డలకూ తేనెకూ అడవిలో తిరిగినా ఎవరేమంటారోనన్న టెన్షన్ మొదలైంది. చెంచులకు ఒంటి సంగతి, తిండి సంగతి, దేవత సంగతి వేరువేరు కాదు. చివర ఇనుప ములికి ఉన్న కర్రతో గడ్డలు తవ్వి కాల్చుకునేవాళ్లు, ఇప్పపువ్వు ఉడకబెట్టుకునేవాళ్లు, చింతపండులో బూడిద కలిపి తినేవాళ్లు. వేట దొరికితే ముందు గారెల మైసమ్మకు ఓ ముక్క తీసిపెట్టాకే మిగతావాళ్లకు. ఆమెకు కోపం వస్తే వేటా దొరకదు, ఇంట్లో జబ్బూ దిగుతుంది. పసరు మందు పనిచేయాలన్నా ఆమె చల్లగా చూడాలి. అలాంటి మనుషుల్ని రేషన్ బియ్యం మీదకు మళ్లించి, ఇప్పుడు పెంటల్లో రక్తం తక్కువ ఉందని చెప్పి, దానికి మందు అడవి ఖాళీ చేయడమే అంటే ఎలా?

2019లో ఈ అడవుల్లో యురేనియం తవ్వకాలు వద్దని అసెంబ్లీయే తీర్మానం చేసింది. అడవి చెడితే గాలీ నీళ్లూ చెడి జనం ఆరోగ్యం పోతుందని అప్పుడు రాష్ట్రమంతా అన్నది, చెంచు పెద్దలు మొదటినుంచీ అంటున్నదీ అదే. ఐదేళ్లు తిరక్కుండానే, 2024 జూన్‌లో, జాతీయ పులుల సంరక్షణ అథారిటీ కోర్ ఏరియా (పులుల కోసమే ఉంచిన నడి అడవి) ఊళ్ల తరలింపు వేగం పెంచమని రాష్ట్రాలకు లేఖ రాసింది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉంది, చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోవాలి. వెళ్తామనే కుటుంబాలూ ఉన్నాయి, అది వాళ్ల ఇష్టం. కానీ చెంచులు కొలిచే శివుడు లింగమయ్య ఈ అడవిలోని సలేశ్వరం లోయలోనే ఉంటాడు, అక్కడ పూజారులు చెంచులే, పదిహేను లక్షలకు అదెక్కడ దొరుకుతుంది?

నిజంగా దవాఖానే సమస్యైతే దారి 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు అటవీ భూమిలో, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకుండా, ప్రభుత్వం పెంట దగ్గరే దవాఖాన కట్టొచ్చు.