కాన్ఫిగర్ ‘నో’ అంటే నమ్మాలా?

“లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాను. ప్యాకేజీ మేనేజర్ ఉందనే అంటోంది, ఫైలు డిస్కు మీద కళ్లెదుటే కనిపిస్తోంది. సోర్స్ నుంచి ప్రోగ్రాం కట్టుకుందామని కాన్ఫిగర్ స్క్రిప్టు నడిపితే మాత్రం ‘నాట్ ఫౌండ్’ అని ఆగిపోతోంది. వీటిలో ఏది అబద్ధం చెబుతోంది?” అని ఒక పాఠకుడు అడిగారు.

ఏదీ అబద్ధం చెప్పడం లేదు. (ప్రోగ్రాం కట్టే ముందు, దానికి కావలసినవి యంత్రం మీద ఉన్నాయో లేవో చూసే స్క్రిప్టే కాన్ఫిగర్.) లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ఒకే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడ్) సాధారణంగా రెండు ప్యాకేజీలుగా వస్తుంది. తయారైన ప్రోగ్రాం నడవడానికి కావలసిన ఫైలు ఒకదానిలో ఉంటుంది, కొత్త ప్రోగ్రాం తయారు చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పేవి) ఇంకోదానిలో ఉంటాయి. ఆ రెండోదాని పేరు డెబియన్ కుటుంబంలో ‘-డెవ్’ అని, ఫెడోరా వైపు ‘-డెవెల్’ అని ముగుస్తుంది. అది పెట్టుకుంటే చాలామందికి పని జరిగిపోతుంది. వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. అసలు కాన్ఫిగర్‌కు ‘ఉంది’, ‘లేదు’ అని ఎలా తెలుస్తుంది?

తెలియదు. దానికి ఏమీ తెలియకపోవడమే దాని గొప్ప. 1990ల మొదట్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఒక్కటి కాదు. సన్, హెచ్‌పీ, ఐబీఎం, డెక్ ఎవరి యూనిక్స్ వాళ్లు అమ్ముకునేవారు. ఒకదానిలో ఉన్న ఫంక్షన్ ఇంకోదానిలో ఉండదు, ఉన్నా వేరే హెడర్‌లో ఉంటుంది. కాన్ఫిగర్ స్క్రిప్టులను తయారుచేసే పనిముట్టుగా డేవిడ్ మెకెంజీ 1991లో మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ ఈ గొడవకు ఒక పద్ధతి తెచ్చింది. ‘ఇది ఏ సిస్టం?’ అని అడిగి జాబితా తిరగేయదు. ‘ఈ పని ఇక్కడ జరుగుతుందా?’ అని చేసి చూస్తుంది. జాబితాలు పాతబడతాయి, ప్రయోగం పాతబడదు (అని అప్పట్లో అనుకున్నారు, ఆ సంగతి తర్వాత చెబుతాను).

ప్రయోగం ఇలా సాగుతుంది. కాన్ఫిగర్ నాలుగైదు వరుసల సీ ప్రోగ్రాం ఒకటి అప్పటికప్పుడు రాస్తుంది. ఆ ఫైలు పేరు ఎప్పుడూ కాన్ఫ్‌టెస్ట్.సీ. దాన్ని కంపైలర్‌కు, అంటే కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాంకు ఇస్తుంది. కంపైలర్ సున్నాతో (పని సరిగా జరిగిందనే గుర్తుతో) ముగిస్తే తెర మీద ‘యెస్’ పడుతుంది, ఇంకే అంకెతో ముగిసినా ‘నో’ పడుతుంది. ఫైలు చెరిపేసి తర్వాతి ప్రశ్నకు వెళుతుంది. ‘చెకింగ్ ఫర్...’ అంటూ వరుసలు పరిగెడుతున్నంతసేపూ లోపల జరిగేది ఇదే. కంపైలర్ తన గోడు ఎంత వివరంగా చెప్పుకున్నా స్క్రిప్టు చెవికెక్కించుకునేది ఆ ఒక్క అంకెనే.

ఎవరి ఇంటికో వెళ్లి కాలింగ్ బెల్ నొక్కారనుకోండి. తలుపు తీయలేదు. ఇంట్లో ఎవరూ లేరని వెనక్కి వచ్చేస్తారు. కానీ బెల్‌కు కరెంటు లేకపోవచ్చు, పక్కింటి బెల్ నొక్కి ఉండవచ్చు. మనిషి లోపలే ఉండి పెరట్లో పనిలో ఉండవచ్చు. కాన్ఫిగర్ వీటన్నిటినీ ఒకే గంపలో వేసి ‘ఎవరూ లేరు’ అని రాసుకుంటుంది. కరెంటు లేకపోవడమంటే కంపైలరే పాడవడం. హెడర్ వెతికే దారి తప్పితే పక్కింటి బెల్ నొక్కినట్టు, అరవై నాలుగు బిట్ల ప్రోగ్రాంకు ముప్పై రెండు బిట్ల లైబ్రరీ ఎదురైనా అంతే. పెరట్లో మనిషంటే, ప్రోగ్రాంను లైబ్రరీలతో కలిపే లింకర్‌కు చెప్పిన వరుస సరిగా లేకపోవడం.

ఆ వరుస గురించి రెండు ముక్కలు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ‘నాకు ఫలానా ఫంక్షన్ కావాలి’ అని ముందు ఎవరైనా అడిగి ఉంటేనే తర్వాత వచ్చే లైబ్రరీలో దాన్ని వెతుకుతుంది. మీరు లైబ్రరీ పేరును లిబ్స్ అనే వేరియబుల్‌లో పెట్టకుండా ఎల్‌డీఫ్లాగ్స్‌లో పెడితే అది ప్రోగ్రాం కంటే ముందు వస్తుంది. అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి స్టాటిక్ లైబ్రరీలోంచి (ప్రోగ్రాంలోనే కలిసిపోయే రకం) లింకర్ ఏమీ తీసుకోదు. ఉబుంటులో లాగా ‘యాజ్-నీడెడ్’ (అవసరమైన లైబ్రరీలనే కలపమనే ఆప్షన్) మామూలుగానే అమలులో ఉన్నచోట షేర్డ్ లైబ్రరీకీ (విడిగా ఉండి, ప్రోగ్రాం నడిచే వేళకు చేరే రకం) అదే గతి. తర్వాత ప్రోగ్రాం వచ్చి అడుగుతుంది, సమాధానం ఉండదు. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. తెర మీద మళ్లీ అదే ‘నో’.

ఫంక్షన్ ఉందో లేదో చూసే ప్రయోగం ఇంకా తమాషా. కాన్ఫిగర్ ఆ ఫంక్షన్ అసలు హెడర్‌ను చేర్చదు. ఏ ఫంక్షన్ అయినా సరే, అది ‘చార్’ తిరిగిచ్చేదని తానే ఒక దొంగ ప్రకటన రాసేసి పిలుస్తుంది. దానికి కావలసింది లింకర్ దగ్గర ఆ పేరు దొరుకుతుందా లేదా అన్నదే. కానీ మెమ్‌సెట్ లాంటి పేర్లు కంపైలర్‌కు పుట్టుకతో తెలుసు. ‘దీని రకం ఇది కాదే!’ అని హెచ్చరిస్తుంది. హెచ్చరికతో ప్రమాదం లేదు. అయితే శుభ్రమైన కోడ్ మీద అభిమానంతో ఎవరైనా సీఫ్లాగ్స్ అనే కంపైలర్ ఆప్షన్ల వేరియబుల్‌లో ‘-డబ్ల్యూఎర్రర్’ పెట్టి కాన్ఫిగర్ నడిపితే ప్రతి హెచ్చరికా తప్పు కింద లెక్క. మెమ్‌సెట్ లేదని తేలుతుంది. మెమ్‌సెట్ లేని యంత్రం నేడు ఎక్కడుంది? కాన్ఫిగర్‌కు ఆ ఇంగితం ఉండదు. ప్రాజెక్టు తనతో తెచ్చుకున్న ప్రత్యామ్నాయ కోడ్‌ను దింపుతుంది, అది అసలుదానితో ఎక్కడో వందో ఫైలు దగ్గర ఢీకొంటుంది. మీరు ఆ వందో ఫైలును పట్టుకుని కుస్తీ పడుతుంటారు.

ప్రయోగం పాతబడదన్న నమ్మకం సంగతి ఇప్పుడు. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని సీ భాష 1999 ప్రమాణంలోనే తొలగించారు. కంపైలర్లు మాత్రం ఏళ్ల తరబడి హెచ్చరించి ఊరుకున్నాయి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దాన్ని పూర్తిస్థాయి తప్పుగా మార్చాయి. పాత కాన్ఫిగర్ స్క్రిప్టుల్లోని ప్రయోగ ప్రోగ్రాములు చాలా వరకు అలసత్వంగా రాసినవే, హెడర్ చేర్చకుండానే ‘ఎగ్జిట్’ను పిలిచేస్తాయి. ఇప్పుడవి అడగదలచిన ప్రశ్న వరకూ వెళ్లకుండానే కూలిపోతున్నాయి. స్క్రిప్టు ఆగదు, అరవదు. ‘నో’ అని రాసుకుని ముందుకు పోతుంది. ఏదో ఒక సౌకర్యం లేకుండా ప్రోగ్రాం తయారవుతుంది. ఆగిపోయే బిల్డ్ కంటే ఇలా నోరెత్తకుండా పూర్తయ్యే బిల్డే నాకు ఎక్కువ భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుతూ పోతే అది దొరికింది. ఆ కథ అందరూ చెప్పుకున్నారు. దాని పక్కనే ఉన్న చిన్న ముక్క గురించి చెప్పుకున్నవాళ్లు తక్కువ. అదే ప్రాజెక్టును ఆటోకాన్ఫ్‌కు బదులు సీమేక్ అనే ఇంకో బిల్డ్ పనిముట్టుతో కట్టుకునేవాళ్ల కోసం ఉన్న ఫైలులో, లినక్స్‌లోని ల్యాండ్‌లాక్ అనే రక్షణ సౌకర్యం ఉందో లేదో చూసే ప్రయోగ ప్రోగ్రాం ఒకటి ఉంది. అందులో ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. ఫుల్‌స్టాప్. సీ భాషలో ఆ చోట చుక్కకు అర్థం లేదు కాబట్టి ప్రోగ్రాం ఏ యంత్రం మీదా కంపైల్ కాదు. ల్యాండ్‌లాక్ ఉన్నా ‘లేదు’ అనే ఫలితమే వస్తుంది, రక్షణ లేకుండా బిల్డ్ సాఫీగా పూర్తవుతుంది. ‘నో’కు కారణం అడగని పద్ధతిని ఇంతకంటే చవకగా మోసం చేయలేరు.

మరి ‘ఇంట్లో ఎవరూ లేరు’కు, ‘బెల్ పనిచేయడం లేదు’కు తేడా ఎలా తెలుస్తుంది? ఇందుకు జవాబు ఆటోకాన్ఫ్‌లోనే ఒకచోట దాక్కుని ఉంది. నాకు అందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

ఒక యంత్రం మీద కూర్చుని వేరే రకం ప్రాసెసర్ కోసం ప్రోగ్రాం తయారు చేస్తున్నారు. ‘లాంగ్’ అనే రకానికి అక్కడ ఎన్ని బైట్లో తెలియాలి. ప్రోగ్రాం రాసి అచ్చు వేయించి చూద్దామంటే అది ఇక్కడ నడవదు. కంపైల్ చేయడం వరకే మన చేతిలో ఉంది. సీ భాషలో ఒక నియమం ఉంది: శ్రేణి (అర్రే) పొడవు రుణసంఖ్య కాకూడదు, అయితే తప్పు. కాన్ఫిగర్ ఒక శ్రేణిని ప్రకటించి దాని పొడవును ‘ఒకటి, అందులోంచి షరతు అబద్ధమైతే రెండు తీసెయ్’ అని రాస్తుంది. షరతు నిజమైతే పొడవు 1, కంపైల్ అవుతుంది. అబద్ధమైతే −1, కంపైలర్ తిరగ్గొడుతుంది. అనువాదం తప్ప ఇంకేమీ చేయని కంపైలర్ చేత ఇలా అవును, కాదు చెప్పించుకుంటుంది.

ఇక వేట. లాంగ్ పరిమాణం 0కి మించదా? తప్పు. 1కి మించదా? తప్పు. 3కి? 7కి? తప్పు, తప్పు. 15కి మించదా? కంపైల్ అయింది. అంటే 8కీ 15కీ మధ్య ఎక్కడో ఉంది. ఇప్పుడు సగానికి సగం కోసుకుంటూ వస్తుంది: 11కి మించదు, 9కి మించదు, 8కి మించదు. కింది హద్దు, పై హద్దు కలిశాయి, జవాబు 8. ఎనిమిది బుల్లి ప్రోగ్రాములు రాసి ఒక్కటీ నడపకుండా అంకె పట్టేసింది.

అసలు తెలివి వీటికంటే ముందు అడిగే ప్రశ్నలో ఉంది. ‘పరిమాణం 0 గానీ అంతకంటే ఎక్కువ గానీ అవుతుందా?’ అని అడుగుతుంది. కాకుండా ఎలా ఉంటుంది! అది కంపైల్ కాకపోతే ‘సున్నా కంటే తక్కువా?’ అని కూడా అడుగుతుంది. రెండూ విఫలమైతే లోపం బెల్‌లో ఉందన్నమాట. అప్పుడు అంకె ఊహించకుండా, ‘కనుక్కోలేను’ అని చేతులెత్తేస్తుంది. ప్రయోగశాలలో దీన్నే కంట్రోల్ అంటారు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న వేసి పరికరాన్ని పరీక్షించడం. బడిలో ప్రయోగమంటే రికార్డు బుక్కు నింపడమేనని నేర్పుతాం కాబట్టి, పెద్దయ్యాక కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తుకు రాదు. ఎవరో ఇచ్చిన కమాండును తాయెత్తులా కట్టేస్తారు, తగ్గకపోతే ఇంకో తాయెత్తు. ఎల్‌డీకాన్ఫిగ్ నడపడం, సుడో తగిలించడం, అన్నీ చెరిపి మళ్లీ పెట్టడం. ఒక్కోసారి తగ్గుతుంది కూడా, ఏ తాయెత్తు వల్లనో ఎప్పటికీ తెలియదు.

మిగతా ప్రయోగాల్లో చాలావాటికి ఈ కంట్రోల్ లేదు. కాబట్టి అది మన చేత్తో పెట్టాలి. కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలులో ప్రతి ప్రయోగం రాసి ఉంటుంది: ఇచ్చిన కమాండు, కంపైలర్ పూర్తి గోడు, ముగింపు అంకె, ‘ఫెయిల్డ్ ప్రోగ్రాం వాజ్’ అని చెప్పి ఆ ప్రోగ్రాం మొత్తం. దాన్ని చివరి నుంచి చదవకండి. చివర్లో ఉండేది వేరియబుళ్ల చిట్టా. తెర మీద పడిన ఎర్రర్ మాటను వెతికి, అక్కడి నుంచి పైకి వెళ్లండి. మొదట్లో కంపైలర్ ‘-వి’ (పెద్ద అక్షరం) తెలియదంటూ చేసే ఫిర్యాదును పట్టించుకోవద్దు. వెర్షన్ కనుక్కోవడానికి కాన్ఫిగర్ రకరకాల కంపైలర్ల ఆప్షన్లన్నీ వరసగా ప్రయత్నిస్తుంది, కొన్ని తగలవు. అలాగే శ్రేణి పొడవు రుణసంఖ్య అన్న తప్పులు కూడా. అవి పైన చెప్పిన వేటలో రావలసినవే.

ఆ విఫలమైన ప్రోగ్రాంను వేరే ఫైలులోకి తీసుకుని, వరుసల ముందున్న నిలువు గీతలు తీసేసి, లాగ్‌లో ఉన్న కమాండుతోనే కంపైల్ చేయండి. తర్వాత ప్రోగ్రాంను ఖాళీ చేసి, మెయిన్ ఫంక్షన్ ఒక్కటి ఉంచి, అవే ఆప్షన్లతో మళ్లీ. ఖాళీ ప్రోగ్రాం కూడా పడిపోతే మీ లైబ్రరీకి పాపం ఏ సంబంధం లేదు, ఆప్షన్లలోనో కంపైలర్‌లోనో ఉంది జబ్బు. ఖాళీది నిలబడితే హెడర్ ఒక్కటి చేర్చండి. అక్కడ పడితే -డెవ్ ప్యాకేజీ, లేదా వెతికే దారి. అదీ నిలబడితే ఫంక్షన్ పిలుపు చేర్చండి. అక్కడ పడితే లింకర్ వరుస, లైబ్రరీ ఉన్న చోటు. అన్నీ కంపైల్ అయి, నడిపితే పడిపోతే షేర్డ్ లైబ్రరీ నడిచే వేళకు దొరకడం లేదు.

ఈ చివరిదానికి పేరు మోసిన ఉదాహరణ జీసీసీనే సోర్స్ నుంచి కట్టుకునేటప్పుడు వస్తుంది. ‘ఆబ్జెక్ట్ ఫైళ్ల సఫిక్స్ కనుక్కోలేను’ అంటుంది. ఫైలు పేరు చివర ‘.ఓ’ ఉంటుందని పసిపిల్లలకు తెలిసినట్టు మనకు తెలుసు, దానికేం వచ్చింది? చాలాసార్లు జరిగేదేమిటంటే, అప్పుడే తయారైన కొత్త కంపైలర్‌కు జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ అనే గణిత లైబ్రరీలు కావాలి. అవి మామూలు చోట్ల కాకుండా ఇంకెక్కడో ఉంటే కంపైలర్ లేవనే లేవదు. కాన్ఫిగర్ అడిగిన మొదటి ప్రశ్న సఫిక్స్ గురించి కాబట్టి నింద దాని మీద పడింది. ఇక్కడ చూడవలసింది పై డైరెక్టరీలోని లాగ్ కాదు, టార్గెట్ పేరుతో ఉన్న లోపలి డైరెక్టరీలోని కాన్ఫిగ్.లాగ్. జీసీసీ సోర్స్‌లోనే కాంట్రిబ్ కింద ‘డౌన్‌లోడ్ ప్రీరిక్విజిట్స్’ అనే స్క్రిప్టు ఉంది. అది ఆ లైబ్రరీల సోర్స్‌ను పక్కనే తెచ్చిపెడుతుంది, గొడవ ఉండదు.

సీమేక్ వాడేవాళ్లకు లాగ్ పేరు వేరు: 3.26 నుంచి సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్ అనే యామల్ ఫైలు. మీసన్ అనే మరో బిల్డ్ పనిముట్టులో మీసన్-లాగ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. సీమేక్‌తో ఇంకో చిక్కు ఉంది. ప్రయోగాల ఫలితాలను అది సీమేక్‌కాష్ ఫైలులో దాచుకుంటుంది, విఫలమైనవాటితో సహా. మీరు కావలసిన ప్యాకేజీ పెట్టాక మళ్లీ నడిపినా ఆ ప్రయోగం మళ్లీ చేయదు, పాత ‘లేదు’నే అప్పజెబుతుంది. 3.24 నుంచి ‘--ఫ్రెష్’ అనే ఆప్షన్ ఉంది. అంతకుముందు వెర్షన్ అయితే ఆ కాష్ ఫైలును, సీమేక్‌ఫైల్స్ ఫోల్డర్‌ను చేత్తో చెరిపేసి మళ్లీ నడపాలి.