కరగని పసుపును కరిగించిన రంధ్రం

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి వైపు తెలుగు ఊళ్లలో పసుపు గుళికలు వాడొచ్చా, కూడదా అన్న వాదన మళ్లీ లేచింది. మోకాళ్ల నొప్పికి ‘నానో కర్కుమిన్’ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) డబ్బా కొన్న మా మేనమామ మాట ఒక్కటే: "మన పసుపే కదరా, ఏమైతది?"

1997లో గాయాలకు పసుపు వాడకంపై ఉన్న అమెరికా పేటెంటును భారత పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ రద్దు చేయించిన కథ అందరికీ తెలిసిందే. ఈ వాదనకు మూలం అది కాదు.

బాయిలర్ దగ్గర పసుపు ఉడకబెట్టిన చేతులను ఎంత కడిగినా రంగు పోదు. కాస్త నూనె రాస్తే వదులుతుంది. కర్కుమిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. అందుకే కూరలో తిన్న పసుపు నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. తరతరాలుగా పసుపు మనల్ని ఏమీ చేయలేదంటే అందులో ఈ కరగనితనానికీ పాత్ర ఉంది.

1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే, రక్తంలోకి చేరే కర్కుమిన్ 2,000 శాతం పెరిగింది. అసలు మలుపు మాత్రం 2001లో మాడ్రిడ్‌లో వచ్చింది. అంతకుముందు 1992లో మొబిల్ చమురు కంపెనీ శాస్త్రవేత్తలు తేనెపట్టులా వరుస రంధ్రాలున్న సిలికాను (ఇసుకలో ఉండే పదార్థమే) ప్రకటించారు. మాడ్రిడ్ బృందం అందులో ఐబుప్రోఫెన్ మందును నింపింది. తర్వాత కర్కుమిన్ వంతు వచ్చింది. రెండు మూడు నానోమీటర్ల (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు) రంధ్రంలో దాని అణువులు వరుసకట్టి స్ఫటికంగా గట్టిపడే చోటుండదు. విడివిడిగా ఉండిపోతాయి, నీళ్లు తగలగానే బయటికొస్తాయి. సిలికా మెల్లగా కరిగి మూత్రంలో పోతుందని పరిశోధకులు చెబుతారు.

సిలికా రకం ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది. షాపుల్లోకి ముందే వచ్చినవి పైపరిన్, కొవ్వులు, పాలిమర్లతో శోషణ (ఒంట్లోకి ఇంకడం) పెంచిన రకాలు. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి. కాలేయం, పిత్తాశయం జబ్బులున్నవాళ్లు వాడొద్దని అక్కడి ఆరోగ్యశాఖ లేబుల్ మీద రాయించింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. అది మామూలు కర్కుమిన్‌కు వేసిన లెక్క. శోషణ పెంచిన రకాలతో ముప్పు వేరని 2022లో ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది.

మామయ్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయి. డబ్బా తిప్పి చూశాను. ‘ఎన్నో రెట్లు శోషణ’ అని పెద్దక్షరాల్లో ఉంది. కాలేయం మాట ఎక్కడా లేదు.