బోయపాలెం నుంచి దీక్షా దాకా

కేంద్రం ‘నిష్ఠ’ పేరుతో టీచర్లకు ఇస్తున్న శిక్షణను మొదటిసారి ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది మన రాష్ట్రానికే. అది 2020 జూలై 16. తెర ముందు కూర్చున్నది 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లు, అంటే తాము నేర్చుకుని మిగతా టీచర్లకు నేర్పేవాళ్లు. బడులు మూతపడి అప్పటికి దాదాపు నాలుగు నెలలు. కరోనా తెచ్చిన కొత్త పద్ధతి అన్నారు అందరూ. నిజానికి అందులో కొత్తది ఫోను ఒక్కటే. పైన కొందరికి నేర్పి, వాళ్ల చేత కిందివాళ్లకు చెప్పించడం గుంటూరు, కృష్ణా జిల్లాల టీచర్లకు ఏనాటి నుంచో అలవాటే.

1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకో డైట్, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ, వచ్చింది. గుంటూరుకు బోయపాలెంలో, కృష్ణాకు అంగలూరులో. తర్వాత సర్వశిక్షా అభియాన్ రోజుల్లో శిక్షణ మండలానికి దిగింది. ఎమ్మార్సీలో (మండల రిసోర్స్ సెంటర్‌లో) మీటింగ్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం.

వీటికి ముందే మొదలైన ఒక ప్రయత్నం ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేదు. 1983లో బ్రిటన్ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం ఒకటి వచ్చింది. టీచర్లు ఏపీపీఈపీ అనేవారు. దాని ఆరు సూత్రాల్లో చేసి నేర్చుకోవడం, ఊళ్లో దొరికేవాటితో పాఠం చెప్పడం, పిల్లలు చేసినవి గోడకు పెట్టడం ఉండేవి. అంతకన్నా ముఖ్యమైనవి టీచర్ సెంటర్లు. చుట్టుపక్కల బడుల పంతుళ్లు ఒకచోట చేరి తమ పాఠాల గురించి తామే మాట్లాడుకోవాలన్నది వాటి ఉద్దేశం. నన్నడిగితే, లాక్‌డౌన్‌లో అక్కరకొచ్చేది ఇలాంటి అలవాటే. 1996లో పథకం ముగిసింది, ఆ ఊపూ తగ్గింది.

ఇక పల్నాడు సంగతి. 2020లో అది ఇంకా గుంటూరు జిల్లాయే. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు సుగాలి తండాల్లో ఒకటో తరగతికి వచ్చే పిల్లవాడి ఇంటి మాట లంబాడీ, పుస్తకం తెలుగు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, సవర, లంబాడీ సహా ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. ఆ భాష వచ్చిన టీచరు ఉంటేనే ఆ పుస్తకానికి విలువ. ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంతాల) బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3 ఒక రకంగా ఆ పని చేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2020 ఏప్రిల్ 22న, సరిగ్గా లాక్‌డౌన్ నడుమ. పల్నాడు తండాలకు ఆ రక్షణ ముందు నుంచీ లేదు. ఉమ్మడి గుంటూరులో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు మరి.

2020 అక్టోబర్ నుంచి ‘నిష్ఠ’ దీక్షా అనే కేంద్రం వారి పాఠాల యాప్‌లోకి వచ్చింది. 18 మాడ్యూళ్లు, వాటి చివర క్విజ్, సర్టిఫికెట్. సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన ఊళ్లో ఇది శిక్షణ కన్నా టెన్షన్ ఎక్కువ.

అదే ఏడాది జూలై 29న వచ్చిన కొత్త విద్యా విధానం, వీలైన చోట ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలంది. ప్రతి టీచరుకూ ఏటా కనీసం 50 గంటల శిక్షణ అనీ అంది. ఆ 50 గంటల్లో తండా పిల్లల మాట నేర్చుకోవడానికి ఎన్ని గంటలో మాత్రం అందులో రాయలేదు.