చుక్కలు ముందు, గీతలు తరవాత

అమ్ములూ,

నువ్వడిగింది ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే కాగితం తీశాను. నీ స్నేహితురాళ్లకీ చదివి వినిపించు.

ధనుర్మాసం నెలంతా మేడమీద థర్మామీటరు రోజుకి మూడుసార్లు చూసి, కంప్యూటరులో లెక్కలు చేసే ఆక్టేవ్ అనే ప్రోగ్రాములో పట్టికకి రోజుకో వరస అతికిస్తున్నావు. అన్నయ్యేమో 30 వరసల పట్టిక ముందే చేసి పెట్టుకుని నింపుకోమంటున్నాడు. "ఎలా చేసినా ఆఖరికి వచ్చేది అదే పట్టిక కదా తాతయ్యా, వాడి గోలేంటి?" అనే కదూ నీ ప్రశ్న.

(ఆక్టేవ్ అంటే సంగీతంలో మాట అనుకునేవాణ్ణి. కాదట. దాన్ని తయారుచేసినాయన తనకి కెమికల్ ఇంజనీరింగ్ చెప్పిన ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే ప్రొఫెసరు పేరు పెట్టుకున్నాడు. నాకు ముచ్చటేసింది.)

నీ రెండు రోజుల పట్టిక ఇదీ: [18 27 22; 17 28 21]. ఖాళీ వదిలితే పక్క గడి, సెమీకోలన్ పెడితే కింద వరస. ఆ ఖాళీతో జాగ్రత్త సుమా. [18 -2] అంటే రెండు అంకెలు, [18 - 2] అంటే ఒకే అంకె, 16. దీని మూలాన నాకోసారి పూటంతా పోయింది. మూడోరోజు నువ్వు [పట్టిక; 19 28 22] అని రాసి, వచ్చినదానికి మళ్లీ పట్టిక అనే పేరు పెట్టావు. (పేరు ఇంగ్లీషులోనే పెట్టి ఉంటావులే.) చూడ్డానికి పాతదాని కింద వరస తగిలించినట్టే ఉంటుంది. లోపల జరిగేది వేరు.

మా అక్క ముగ్గు గురించి చెప్తాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లారుజామున నాలుగింటికి అక్క కళ్లాపి చల్లేది, నేను లాంతరు పట్టుకుని వణుకుతూ నిలబడేవాణ్ణి. ఆవేళ 7 చుక్కలు, 7 వరసలు. గీతలు కలిపేసి, నా చేత గొబ్బెమ్మలు పెట్టించి, నడుం ఎత్తి చూస్తే ఎదురింట్లో 9 చుక్కల ముగ్గు. ఇంకేముంది, మాదీ తొమ్మిది కావాలంది. ఒకవైపు అరుగు, రెండోవైపు కాలవ. పెంచడానికి చోటేదీ? వీధి మధ్యకి పోయి మళ్లీ కళ్లాపి, మళ్లీ మొదటి చుక్క. పాత ముగ్గులో ఉన్నదంతా కొత్తదాంట్లో మళ్లీ వెయ్యాలి. గొబ్బెమ్మల్ని గుమ్మడిపువ్వు రాలకుండా ఒక్కొక్కటే మోసింది ఎవరనుకున్నావు? నేనే. పొద్దెక్కి హరిదాసు వచ్చేసరికి కూడా నా చేతులకి పేడే.

నువ్వు రోజూ నీ కంప్యూటరు చేత మోయిస్తున్నవి ఆ గొబ్బెమ్మలే. పట్టికలో అంకెలన్నీ మెమరీలో ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా ఉండాలి. ఆ పక్క చోటు ఇంకొకరిదై ఉండొచ్చు, మా అరుగులాగా. అందుకని ఆక్టేవ్ వేరేచోట పెద్ద వాకిలి వెతుక్కుని, పాతవన్నీ అక్కడికి చేరవేసి, కొత్త వరస కలిపి, పాత వాకిలి వదిలేస్తుంది.

పైగా అంకెల్ని అడ్డంగా కాదు, నిలువుగా పేర్చుకుంటుంది. పట్టిక(2), అంటే పట్టికలో రెండో అంకె, అని అడిగి చూడు, 27 రాదు, 17 వస్తుంది. ఇది ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటరు భాష నాటి అలవాటు. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ అనే ప్రొఫెసరు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల కోసం మాట్‌ల్యాబ్ అనే ఇలాంటి లెక్కల ప్రోగ్రాముని ఫోర్‌ట్రాన్‌లోనే రాశాడు. ఆక్టేవ్‌దీ అదే దారి. కాబట్టి నువ్వు కింద పెట్టే వరస నిజానికి చివర చేరదు, ప్రతి నిలువు వరస పాదం దగ్గరా ఒక్కో అంకె ఇరుక్కోవాలి.

30 రోజులకి ఈ మోత మొత్తం 435 వరసలు. కంప్యూటరుకి అదో లెక్కా? నీకు తెలియనైనా తెలియదు. అన్నయ్య అనవసరంగా కేకలేశాడు, ఆ మాట వాడితో చెప్పు. కానీ రేపు నిమిషానికోసారి కొలిచే యంత్రం పెట్టావనుకో, నెలకి 43,200 వరసలు. ఒక్కొక్కటే అతికిస్తూ పోతే మోత 93 కోట్ల వరసలు దాటుతుంది. కూర్చుని నేనే లెక్కేశాను, రెండుసార్లు.

అక్క మర్నాటి నుంచి తెలివి తెచ్చుకుంది. వాకిలి చూసుకుని ముందే చుక్కలన్నీ పెట్టేసేది, గీతలు తరవాత. జీరోస్(30, 3) అంటే అదే, 30 వరసలు, వరసకి మూడు సున్నాలు, మొత్తం 90 చుక్కలు. తరవాత ఏ రోజు వరసలో ఆ రోజు అంకెలు.

ఇక్కడొక చిక్కుంది. నువ్వు ఊరెళ్లి ఒక పొద్దున చూడలేదనుకో, అక్కడ సున్నా మిగిలిపోతుంది. 18, 17, 0, 19 సగటు పదమూడున్నర. మన ఊళ్లో అంత చలెక్కడిది? ఉన్న మూడిటికీ చూస్తే 18. వరసలు అతికించకుండా పది తరవాత సరాసరి పన్నెండో వరసలో అంకెలు పెట్టినా ఇంతే, పదకొండోది దానంతట అదే సున్నాలతో పుడుతుంది, నీకు చెప్పదు. అందుకని సున్నాల బదులు నాన్(30, 3) అను. నాన్ అంటే అంకె కానిది. అది మిగిలితే సగటు కూడా నాన్ అనే వస్తుంది. తెలియనిదాన్ని తెలియదనడం తప్పు చెప్పడం కన్నా నయం కదమ్మా.

నా ముగ్గు పోలిక ఎంతదాకా నిలుస్తుందో చూద్దామని ఆక్టేవ్ చేత 15 చుక్కలు, 8 దాకా సందు చుక్కల ముగ్గు వేయించబోయాను. ఒప్పుకోలేదు. వరస వరసకీ చుక్కల సంఖ్య మారితే తప్పు చూపిస్తుంది. ఆ ముగ్గు నాకూ లొంగలేదు, అక్కకే వచ్చు.

రేపు తెల్లారుజామున లేచి బాల్కనీలోంచి కిందకి చూడు. వాచ్‌మన్ భార్య చుక్కలు అడ్డంగా పెడుతోందా, నిలువుగానా? చూసి రాయి.

మీ తాతయ్య