తోటకూర పురుగు, దాని సోడా కడుపు

మా సైనిక్‌పురి మేడ మీద తోటకూర ఆకులు జల్లెడైపోయి, కొన్ని సన్నటి దారాలతో ముడుచుకుపోతే, సాయంత్రం బీటీ అనే పురుగుమందు పొడి నీళ్లలో కలిపి కొడుతున్నాను. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి చూసి, "పురుగుని చంపే మందు కొట్టిన ఆకునే పప్పులో వేసుకుంటావా, మన పొట్టకేం కాదా?" అన్నారు.

సేంద్రియం కదా, ఏం కాదు అనేయొచ్చు. నాకా జవాబు నచ్చదు, గన్నేరు పప్పు కూడా సేంద్రియమే.

కిటుకంతా కడుపులో ఉంది. మన కడుపులో నిమ్మరసం లాంటి పులుపు, పీహెచ్ (పులుపునీ క్షారాన్నీ కొలిచే లెక్క) 2 దగ్గర. ఆకులు మేసే గొంగళిపురుగు పేగులో బట్టల సోడా నీళ్ల లాంటి క్షారం, పీహెచ్ 10 దాకా. ఎనిమిదే కదా తేడా అనుకోకండి. బళ్లో లిట్మస్ ఎర్రబడింది, నీలమైంది అని రాయించి వదిలేస్తారు గానీ, పీహెచ్‌లో ఒక్కో మెట్టూ పది రెట్లు, ఎనిమిది మెట్లంటే పది కోట్ల రెట్లు! ఇంత క్షారం ఎందుకంటే, ఆకుల్లో టానిన్లుంటాయి, కరక్కాయ వగరు వీటిదే, అవి ప్రొటీన్లని పట్టుకుని అరగనివ్వవు. క్షారంలో ఆ పట్టు సడలుతుంది.

ఆ ఏర్పాటే పురుగు కొంప ముంచుతుంది. బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియా (బీటీ పత్తిలో పెట్టిన జన్యువు దీనిదే). అది తయారుచేసే ప్రొటీన్ స్ఫటికం ఊరికే ఉంటే విషం కాదు. సోడా కడుపులో కరుగుతుంది, అక్కడి ఎంజైములు దాన్ని దాదాపు సగానికి కత్తిరిస్తాయి, మిగిలిన ముక్క పేగు గోడ కణాల మీదున్న గ్రాహకాలకి (కొక్కేల్లాంటి అణువులకి) తగులుకుంటుంది, అలాంటి ముక్కలు కొన్ని చేరి కణానికి చిల్లు పెడతాయి. విషాన్ని తయారుచేసుకునేది పురుగే! మన కడుపులో ఆమ్లమూ, పెప్సిన్ అనే ఎంజైమూ ఆ ప్రొటీన్‌ని పప్పులో ప్రొటీన్‌లాగే ముక్కలు చేస్తాయి, ఒకవేళ కొంత మిగిలినా తగులుకోడానికి ఆ గ్రాహకాలు మన పేగుల్లో లేవు. ఆకు కడుక్కునే తినాలనుకోండి.

కొన్ని గంటల్లో పురుగు మేత మానేస్తుంది, చచ్చేది రెండు మూడు రోజులకి. మర్నాడు కదులుతూ కనిపించిందని మందు నకిలీదనుకోవద్దు. ఎండ తగిలితే బీటీ పాడవుతుంది, అందుకే సాయంత్రం, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టాలి. పేనుబంకకి పనిచేయదు, అది ఆకు కొరకదు, రసం పీలుస్తుంది. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాని పట్టుకున్నది చస్తున్న పట్టుపురుగుల్లోనే, కాబట్టి మల్బరీ తోట పక్కన కొట్టకండి. బాగా బలిసిన లద్దెపురుగులు దీనికి ఓ పట్టాన లొంగవు, వాటిని చేత్తో ఏరి సబ్బునీళ్లలో పడేస్తున్నాను.