సీసా తెరవాలా, వద్దా?

టీకాలు వేసే రోజు, మధ్యాహ్నం కావస్తోంది. తట్టు టీకా కోసం తొమ్మిది నెలల బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఫ్రిజ్‌లో ఉన్నది పది డోసుల వయల్, అంటే చిన్న టీకా సీసా. అందులోని టీకా పొడిలో ఒకసారి డైల్యూయెంట్ (పొడిని కరిగించే ద్రవం) కలిపితే ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. వరుసలో ఇంకో బిడ్డ లేదు. వృథా ఎంతైందని నెలాఖరున పైనుంచి అడుగుతారు. "వచ్చే వారం రండమ్మా" అని నర్సు పంపించేస్తుంది. ఆమెను తప్పుపట్టే ముందు, ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

టీకాను నిల్వ చేయడమే సాధ్యం కాని రోజులున్నాయి. 1803 నవంబరులో స్పెయిన్ నుంచి బయల్దేరిన వైద్యుడు బాల్మిస్ బృందం మశూచి టీకాను అమెరికా ఖండాలకు చేర్చింది. ఎలా చేర్చిందంటే, 22 మంది అనాథ బాలుర చేతుల మీద. ఒకరి పొక్కులోని రసి ఇంకొకరికి ఎక్కిస్తూ ప్రయాణమంతా టీకాను సజీవంగా ఉంచారు. అది చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లలే కళ్లముందు మెదులుతారు. 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్త లెస్లీ కాలియర్ మశూచి టీకాను గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతిని మెరుగుపరిచాక, అది ఎండల్లోనూ వారాల తరబడి నిలిచే పొడిగా మారింది. 1980లో మశూచి అంతమైందని ప్రపంచం ప్రకటించుకోగలగడంలో ఆ పొడిది పెద్ద వాటా.

మిగతా టీకాలు అంత గట్టివి కావు. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్తృత టీకా కార్యక్రమాన్ని మొదలుపెట్టి క్షయ, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు అనే ఆరు జబ్బులను లక్ష్యంగా పెట్టుకుంది. అప్పటికి వర్ధమాన దేశాల్లో నూటికి ఐదుగురు పిల్లలకు కూడా ఈ టీకాలు అందడం లేదు. 1978లో ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు ప్రకటన టీకాలను ప్రాథమిక వైద్యంలో భాగం చేసింది. దాంతో కోల్డ్ చైన్‌లోని, అంటే టీకాను తయారీ నుంచి బిడ్డ దాకా చల్లగా ఉంచే ఏర్పాట్ల వరుసలోని, ఆఖరి ఫ్రిజ్ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉండే చోట, కరెంటు నమ్మకం లేని చోట, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబెట్టాల్సిన బాధ్యత వాళ్ల మీద పడింది.

అప్పట్లో అందరి భయమూ వేడి గురించే. చల్లగా ఉంచండి, ఐస్ ఎక్కువ పెట్టండి అని నేర్పారు, సిబ్బంది అలాగే చేశారు. నష్టం రెండో వైపు నుంచి వచ్చింది. హెపటైటిస్-బి, ధనుర్వాతం, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) లాంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. ఇవి గడ్డకడితే ఆ కణాలు ముద్దలై టీకా శక్తి పోతుంది. కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. అందుకే షేక్ టెస్ట్ వచ్చింది. అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలని రాత్రంతా గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న వయల్‌తో పాటు ఊపి, రెండూ పక్కపక్కన పెడతారు. గడ్డకట్టిన దాంట్లో తెల్లటి మడ్డి త్వరగా అడుక్కి దిగుతుంది. అనుమానపు వయల్ కూడా అంతే వేగంగా దిగితే పక్కన పడేయాల్సిందే. 2007లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష చూస్తే, 14 నుంచి 35 శాతం ఫ్రిజ్‌లలో, రవాణాల్లో టీకాలు గడ్డకట్టే చలికి గురైనట్టు తేలింది. ఐస్ ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే పెట్టెలో) పెట్టకుండా, ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచాలన్న నియమం ఇలాంటి నష్టాల నుంచే పుట్టింది.

1996లో పోలియో చుక్కల సీసాల మీదికి వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అనే వేడి సూచిక వచ్చింది. గుండ్రని రంగు వలయం, మధ్యలో లేత చతురస్రం. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వలయం రంగుతో సమానమైతే ఆ సీసా వాడకూడదు. అంతకుముందు కరెంటు పోయిందంటే ఫ్రిజ్‌లోని మొత్తం సరుకును అనుమానించాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కో సీసాను చూసి చెప్పవచ్చు. నా దృష్టిలో ఆరోగ్య కార్యకర్త చేతికి అందిన అతి గొప్ప సాధనం ఇదే. అయితే గడ్డకట్టిందో లేదో ఇది చెప్పదు.

తెరిచిన వయల్ సంగతి వేరు. 1995లో మొదలై 2000లో సవరించిన విధానంతో, పోలియో, ధనుర్వాతం, హెపటైటిస్-బి లాంటి ద్రవ టీకాలను తెరిచాక కూడా నాలుగు వారాల దాకా, షరతులకు లోబడి, వాడుకునే వీలు కలిగింది. చాలా వృథా తగ్గింది. కానీ బీసీజీ (క్షయ టీకా), తట్టు టీకాలకు ఈ సౌలభ్యం లేదు. వాటిలో క్రిములు పెరగకుండా ఆపే ప్రిజర్వేటివ్ ఉండదు, కలిపాక క్రిములు చేరితే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆరు గంటల గడువు అందుకే. బీసీజీలో సగం దాకా పోతుందని ముందే లెక్కేసి ఇండెంటు (సరుకు కోరే పత్రం) పెట్టడం మామూలే.

ఇక స్టాకు లెక్కలు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. రిజిస్టరు ఉండేది, ఫ్రిజ్‌లో ఉన్నదానికీ అందులో రాసినదానికీ పొంతన ఉండేది కాదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సమర్థ టీకా నిర్వహణ మదింపును ప్రవేశపెట్టాయి. రాక, నిల్వ, ఉష్ణోగ్రత, స్టాకు, పంపిణీ అన్నింటికీ ఆరోగ్య కేంద్రం స్థాయి వరకు మార్కులు వేయడం మొదలైంది. అదే కాలంలో న్యుమోనియాను ఆపే న్యుమోకోకల్, విరేచనాలను ఆపే రోటా టీకాలు చేరి ఫ్రిజ్‌లో చోటు కరువైంది. ఒక డోసు వయల్ అయితే వృథా ఉండదు, కానీ బోలెడు స్థలం తింటుంది. పది డోసులది చిన్నగా సర్దుకుంటుంది, తెరిచే ధైర్యం కావాలి.

తట్టు టీకాలో ఐదు డోసుల వయల్ కొంత ఊరట. అది లేకపోయినా, ఒక్క బిడ్డ వచ్చినా తెరవండి అన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది ఆచరణలోకి రావాలంటే సమీక్షలో అడిగే ప్రశ్న మారాలి. పారేసిన తొమ్మిది డోసులకు రిజిస్టరులో గడి ఉంది. టీకా వేయకుండా పంపేసిన బిడ్డ పేరుకూ అదే పేజీలో ఒక గడి పెట్టి, వచ్చే వారం ఆ తల్లి తిరిగి వచ్చిందో లేదో రాయించాలి.